నిజము వేరు, నిలకడ వేరు
‘యాక్యురసీ’, ‘ప్రెసిషన్’ అను రెండు మాటల పరిశీలన

ఆంగ్లభాషలో ‘యాక్యురసీ’ అనియు, ‘ప్రెసిషన్’ అనియు రెండు మాటలు కలవు. నిత్యవ్యవహారములో ఇంగ్లీషు మాటలాడువారు వీనిని ఒకదానికి బదులు మరొకదానిని వాడుచుందురు. దానివలన ఎవరికిని నష్టము లేదు. సామాన్య నిఘంటువులు సైతము ఒక మాటకు అర్థము చెప్పుటకు రెండవ మాటను వాడుకొనుట కలదు. కాని ప్రయోగశాల గుమ్మము దాటి లోపలికి వచ్చినవారికి ఈ స్వేచ్ఛ లేదు. అచ్చట ఈ రెండును వేరు వేరు గుణములకు పేర్లు. ఒక కొలతకు మొదటి గుణము ఉండి రెండవది లేకపోవచ్చును. రెండవది ఉండి మొదటిది లేకపోవచ్చును. ఈ భేదము మరచినందువలన విద్యార్థికి రెండు మార్కులు పోవుట చిన్న సంగతి. ఆకాశమునకు పంపిన గొప్ప దూరదర్శిని ఒకటి మూడేండ్లకు పైగా మసకచూపుతో గడపవలసివచ్చిన సందర్భము కూడ కలదు.

ముందు ఈ మాటల పుట్టుక చూడదగినది. ‘యాక్యురేట్’ అను విశేషణమునకు మూలము లాటిన్ భాషలోని ‘క్యూరా’. శ్రద్ధ, జాగ్రత్త అని దాని అర్థము. శ్రద్ధపెట్టి చేసినది యాక్యురేట్. ‘ప్రిసైజ్’ అనుదానికిని మూలము లాటిన్ భాషయే. కోసివేయుట అని దాని ధాత్వర్థము. అంచు చెదరకుండ కోసినట్లున్నది ప్రిసైజ్. దర్జీ పని చూచినచో ఈ తేడా తేలికగా బోధపడును. కత్తెర పదునుగా ఉండి గుడ్డ అంచు దారము లేవకుండ తెగినంత మాత్రమున చొక్కా ఒంటికి సరిపోవునన్న నమ్మకము లేదు. ఛాతీ కొలత తప్పుగా తీసికొన్నచో, ఎంత చక్కగా కోసినను చొక్కా బిగుతుగానే వచ్చును.

అయితే పదము పుట్టుక దాని నేటి అర్థమును నిర్ణయింపజాలదు. శాస్త్రజ్ఞులు ఒప్పుకొన్న అర్థము ఇది. కొలిచిన విలువ అసలు విలువకు ఎంత దగ్గరగా నున్నదో తెలుపునది యాక్యురసీ. ఒకే వస్తువును పలుమారులు కొలిచినపుడు వచ్చిన విలువలు వానిలో అవి ఎంత దగ్గరగా నున్నవో తెలుపునది ప్రెసిషన్. మొదటిదానికి అసలు విలువతో పోలిక కావలెను. రెండవదానికి ఆ పోలిక అక్కరలేదు; కొలతలను ఒకదాని ప్రక్క ఒకటి పెట్టి చూచిన చాలును.

ఒక ఉదాహరణము. 50 గ్రాముల ప్రమాణపు రాయిని ఇద్దరు విద్యార్థులు వేరు వేరు త్రాసులలో ఐదేసిసార్లు తూచిరనుకొందము. మొదటివానికి వచ్చిన విలువలు: 50.6, 50.6, 50.5, 50.6, 50.6 గ్రాములు. రెండవవానికి వచ్చినవి: 49.4, 50.5, 50.1, 49.7, 50.3 గ్రాములు. మొదటివాని అంకెలు చూడముచ్చటగా ఒకదానితో ఒకటి సరిపోయినవి. కాని వాని సగటు 50.58, అనగా అర గ్రామునకు పైగా తప్పు. రెండవవాని అంకెలు ఇటునటు చెదరినవి. కాని వాని సగటు సరిగా 50.0. మొదటివాని పనిలో ప్రెసిషన్ కలదు, యాక్యురసీ లేదు. రెండవవాని ఒక్కొక్క తూకమును విడిగా నమ్ముట కష్టము. సగటు మాత్రము నిజమునకు చేరువ. ఇట్లు విలువలను ఇటునటు చెదరగొట్టు దోషమును యాదృచ్ఛిక దోషమందురు. అన్నిటిని ఒకే వైపునకు నెట్టు దోషమును క్రమదోషమందురు. పలుమారులు కొలిచి సగటు తీసినచో మొదటి దోషము తగ్గును. రెండవది వేయిమారులు కొలిచినను తగ్గదు.

ఈ భేదమును బోధించుటకు అనేక పాఠ్యపుస్తకములలో ఒక బొమ్మ వేయుదురు. గుండ్రని గురిపలక, దాని నడుమ ఒక చుక్క, చుట్టును తూటాల రంధ్రములు. రంధ్రములన్నియు నడిమి చుక్క చుట్టు గుమిగూడినచో రెండు గుణములును ఉన్నట్లు. ఒక మూలన గుమిగూడినచో ప్రెసిషన్ మాత్రమే ఉన్నట్లు. బొమ్మ తేలికైనది, పిల్లలకు వెంటనే పట్టుబడును. కాని అందులో ఒక పెద్ద లోపము కలదు. చూచువానికి నడిమి చుక్క కనబడుచున్నది. నిజమైన కొలతలో ఆ చుక్క ఎవరికిని కనబడదు. అది ఎచ్చట నున్నదో ముందే తెలిసియున్నచో కొలుచుటయే అక్కరలేదు. శాస్త్రజ్ఞుడు పలకకు వెనుకవైపున నిలిచియున్న మనిషివంటివాడు. అతనికి రంధ్రములు మాత్రమే కనబడును, గురి కనబడదు. రంధ్రములు గుమిగూడినవా, చెదరినవా అన్నది అతడు వెంటనే చెప్పగలడు. గురి తగిలినదా అన్నది ఆ రంధ్రములను చూచి చెప్పలేడు.

ప్రెసిషన్ కొలతల లోపలనే కనబడు గుణము. యాక్యురసీ కనబడని గుణము; దానిని మరొక దారిన పోయి వెదకవలెను. ఈ ముఖ్యమైన సంగతిని బొమ్మ దాచివేయుచున్నది. కావున ఈ బొమ్మ వేసిన ఉపాధ్యాయుడు, దాని ప్రక్కనే నడిమి చుక్క లేని బొమ్మ ఇంకొకటి వేసి, “ఇప్పుడు చెప్పుడు” అని అడుగవలసియున్నది. తరగతిలో అసలు చర్చ అచ్చటనే మొదలగును.

ఈ మాట ఊహ కాదనుటకు శాస్త్రచరిత్రలో గట్టి నిదర్శనము కలదు. అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ మిల్లికాన్ నూనె బిందువుల ప్రయోగముతో ఎలెక్ట్రాను ఆవేశమును కొలిచెను. ఆయన 1913లో ప్రకటించిన విలువ 4.774 × 10⁻¹⁰ స్థిరవిద్యుత్ ప్రమాణములు. అందులో దోషము 0.009కి మించదని ఆయన లెక్కించెను. అనగా నూటికి సుమారు 0.2 వంతు. ఆ కాలమునకు అది అద్భుతమైన పని. 1923లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చుటకు ఈ కృషి ఒక ముఖ్యకారణము. కాని నేడు తెలిసిన విలువ 4.803 × 10⁻¹⁰. రెండింటికిని భేదము 0.029, ఆయన చెప్పిన హద్దునకు అది మూడింతలు.

పొరపాటు బిందువులను చూచుటలో రాలేదు. బిందువు గాలిలో ఎంత వేగముగా దిగునన్నది గాలి స్నిగ్ధతపై ఆధారపడును. ఆయన లెక్కలో వాడిన స్నిగ్ధత విలువ కొంచెము తక్కువ. ఆ ఒక్క అంకె ప్రతి బిందువు లెక్కలోను ప్రవేశించి, అన్ని ఫలితములను ఒకే వైపునకు లాగినది. బిందువులన్నియు ఒకే మాట చెప్పుచుండగా సందేహమునకు తావెక్కడ? ఇంకొక వేయి బిందువులను చూచినను ఈ తప్పు బయటపడెడిది కాదు. 1920వ దశకము చివర ఎక్స్-కిరణముల తరంగదైర్ఘ్యమును గీతల జాలకముతో నేరుగా కొలిచి, దానినుండి స్ఫటికములలోని అణువుల దూరమును, దానినుండి ఎలెక్ట్రాను ఆవేశమును లెక్కించు పద్ధతి వచ్చినది. ఈ దారిలో నూనె లేదు, గాలి లేదు. వచ్చిన విలువ మిల్లికాన్ విలువకంటె ఎక్కువ. ఎవరిది తప్పన్న చర్చ కొంతకాలము నడిచి, 1930వ దశకములో గాలి స్నిగ్ధతను మరల కొలిచిన తరువాత తగవు తీరినది. ఒక దారిలోని తప్పును పట్టుటకు ఆ దారితో సంబంధము లేని రెండవ దారి కావలసివచ్చినది.

రెండవ నిదర్శనము ఇంకను దగ్గరి కాలమునకు చెందినది. హబుల్ అంతరిక్ష దూరదర్శినిని 1990 ఏప్రిల్ 24న ఆకాశమునకు పంపిరి. దాని ప్రధాన దర్పణము వ్యాసము 2.4 మీటర్లు. అంత నునుపైన పెద్ద దర్పణము అంతకుముందు అరుదు. అయినను అది పంపిన చిత్రములలో నక్షత్రములు చుక్కలుగా గాక మసక వలయములుగా కనబడినవి. విచారింపగా, దర్పణము అంచు ఉండవలసినదానికంటె సుమారు 2 మైక్రోమీటర్లు చదునుగా అరిగియున్నట్లు తేలినది. వెండ్రుక మందములో ఇది యాభయ్యవ వంతు ఉండవచ్చును. అయినను కాంతి విషయములో అది పెద్ద తప్పు. దర్పణము ఆకృతిని పరీక్షించు పరికరములో ఒక కటకమును 1.3 మిల్లీమీటర్లు ఎడముగా అమర్చుటయే దీనికి మూలము. పరికరము చెప్పినదానిని పనివారు అతిశ్రద్ధతో పాటించిరి. దర్పణము తప్పు ఆకృతికి ఎంతో చక్కగా అరగదీయబడినది.

ఇంతకంటె విచారకరమైన సంగతి విచారణలో బయటపడినది. మరి రెండు పరీక్షలు దర్పణములో ఏదో దోషమున్నదని ముందే సూచించినవి. కాని ఆ పరీక్షల పరికరములు మొదటిదానంత మేలైనవి కావను తలంపుతో వాని సాక్ష్యమును త్రోసివేసిరి. మిగుల ప్రెసిషన్ గల పరికరము అబద్ధము చెప్పదని నమ్మిరి. ముతక పరికరమైనను వేరొక దారిన వచ్చి నిజము చెప్పగలదను సంగతి ఆ సమయమున ఎవరికిని తట్టలేదు. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్ళి, దోషమును సరిదిద్దు దృక్పరికరములను అమర్చిన పిమ్మట గాని దూరదర్శినికి చూపు రాలేదు.

పెద్దలు చేసిన ఈ పొరపాటే పాఠశాల ప్రయోగశాలలలో చిన్నరూపమున జరుగుచుండును. లఘులోలక ప్రయోగమునే తీసికొనవచ్చును. లోలకము పొడవును గుండు మధ్యబిందువు వరకు కొలువవలెను. విద్యార్థి గుండు పైభాగము వరకే కొలిచెననుకొందము. గుండు వ్యాసార్ధము 1 సెంటీమీటరైనచో, 100 సెంటీమీటర్ల లోలకమును అతడు 99 అని వ్రాసికొనును. ఇరువది డోలనములకు 40 సెకండ్లకు కొంచెము పైగా పట్టును. పదిమారులు చూచినను కాలము దాదాపు ఒకటే. అంకెలు ముచ్చటగా కలియును. గురుత్వ త్వరణము మాత్రము 978కి బదులు 968 ప్రాంతమున వచ్చును. అప్పుడు విద్యార్థి ఏమి చేయును? పుస్తకములో 980 అనియో, 981 అనియో ఉన్నది. రికార్డు పుస్తకములో కాలమును అటునిటు దిద్ది 980 తెప్పించును. ఉపాధ్యాయుడు సరియని గుర్తు పెట్టును. ఇరువురును సంతోషింతురు.

ఇందులో రెండు అన్యాయములున్నవి. మొదటిది, తెలుగునాట గురుత్వ త్వరణము 980 కాదు. సెకండు సెకండునకు 978 సెంటీమీటర్లకు కొంచెము పైన. భూమధ్యరేఖవద్ద సముద్రమట్టమున అది 978.0, ధ్రువములవద్ద 983.2. 981 అన్నది లండను వంటి చోట్లకు చెల్లు విలువ. శ్రద్ధగా పనిచేసి 978 తెచ్చిన పిల్లవాడు దానిని 981గా దిద్దుకొన్నచో, నిజమును చెరిపి అచ్చుపుస్తకమును వ్రాసినవాడగును. రెండవది, తన కొలతలోని క్రమదోషమును కనుగొను అవకాశము అతనికి లేకుండ పోయినది.

ఆ అవకాశము ఎంతో సులభమైనది. పొడవును 60, 80, 100, 120 సెంటీమీటర్లుగా మార్చి, ప్రతిసారియు డోలనకాలము కనుగొని, దాని వర్గమునకును పొడవునకును గ్రాఫు గీయవలెను. చుక్కలు సరళరేఖపై పడును; కాని ఆ రేఖ మూలబిందువు గుండ పోదు. వెనుకకు పొడిగించినచో పొడవు అక్షమును మూలబిందువునకు 1 సెంటీమీటరు ఎడమన ఖండించును. గుండు వ్యాసార్ధము మరచిపోయిన సంగతిని గ్రాఫే చెప్పినది! రేఖ వాలునుండి లెక్కించిన త్వరణమునకు ఈ దోషము అంటదు. ఒకే పొడవుతో నూరుమారులు చేసిన ప్రయోగము చెప్పలేని నిజమును, నాలుగు పొడవులతో చేసిన ప్రయోగము చెప్పినది. గురి కనబడని పలక వెనుక నిలిచినవాడు ఇట్టి ఉపాయముతోనే గురిని ఊహించును.

దశాంశస్థానముల మోజు కూడ ఈ గందరగోళమునకు చెందినదే. వృత్తవైశాల్యమును కనుగొనుటకు పై విలువను 22/7గా తీసికొని, భాగహారము చేసి 3.142857 అని ఆరు స్థానములు వ్రాయు విద్యార్థులు కలరు. అసలు విలువ 3.141592 తో మొదలగును. రెండు స్థానముల తరువాత వ్రాసినదంతయు 22/7ను గురించిన నిజమే గాని, పై విలువను గురించిన నిజము కాదు. అట్లే విద్యుత్ కాటా గ్రాములో నూరవ వంతు వరకు అంకె చూపినంత మాత్రమున ఆ అంకెలన్నియు నమ్మదగినవి కావు. పరికరము చూపగల అతిచిన్న తేడా వేరు, మరల మరల కొలిచినపుడు కలియుట వేరు, నిజమునకు చేరువగుట వేరు. ఈ మూడింటిని వేరు చేయనివానికి ఎక్కువ అంకెలు చూపిన పరికరమే గొప్పదిగా తోచును.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి ప్రెసిషన్ తక్కువ గుణమని తలచరాదు. పూర్వము సముద్రయానములో రేఖాంశము తెలిసికొనుటకు నావికులు క్రోనోమీటరు అను గడియారమును వెంట తీసికొనిపోయెడివారు. అది సరియైన కాలము చూపవలెనని వారు పట్టుపట్టలేదు. రోజునకు ఎన్ని సెకండ్లు ముందునకు పోవుచున్నదో రేవులోనే వ్రాసికొనెడివారు. రోజునకు 2 సెకండ్లు ముందునకు పోవునది నెల తరువాత 60 సెకండ్లు ముందుండును. అంత తీసివేసిన సరిపోవును. కాని ఒకనాడు ముందునకు, ఒకనాడు వెనుకకు పోవు గడియారముతో ఏమియు చేయలేరు. భూమధ్యరేఖ ప్రాంతమున ఒక నిమిషము కాలము తప్పినచో ఓడ స్థానము 15 నాటికల్ మైళ్ళు తప్పును. నిలకడగా తప్పు చూపు పరికరమును దిద్దుకొనవచ్చును, తప్పు ఎంతో తెలిసినప్పుడు. మిల్లికాన్ విలువ విషయములో జరిగినదియు ఇదియే. ఆయన కొలతలు అంత నిలకడగా ఉండబట్టియే, ఎక్స్-కిరణముల విలువతో వచ్చిన చిన్న భేదమును ఎవరును కంటితప్పుగా కొట్టివేయలేకపోయిరి. కారణము వెదకక తప్పలేదు.

ఈ రెండు మాటల అర్థములు ఇప్పటికిని ఒకచోట నిలిచియుండలేదను సంగతి కూడ ఉపాధ్యాయులకు తెలియవలెను. 1994లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 5725 ప్రమాణములో ‘యాక్యురసీ’ పరిధిని పెంచి, సగటు నిజమునకు చేరువగుటకు ‘ట్రూనెస్’ అను వేరొక మాటను నియమించిరి. ట్రూనెస్, ప్రెసిషన్ రెండును కలిసినపుడే యాక్యురసీ ఉన్నట్లు. ఆ లెక్కన పైన చెప్పిన రెండవ విద్యార్థి పనిలో ట్రూనెస్ మాత్రమే కలదు. ఇక కంప్యూటర్ శాస్త్రములో ఈ మాటలకు మరి వేరు అర్థములు వచ్చినవి. వేయిమందిలో పదిమందికి జబ్బున్నదనుకొందము. ఒక యంత్రము ఏబదిమందిని జబ్బువారని చెప్పగా, వారిలో 9 మందికి నిజముగా జబ్బున్నది. అప్పుడు దాని ‘ప్రెసిషన్’ ఏబదింట తొమ్మిది, అనగా నూటికి 18. మొత్తము మీద తప్పు చెప్పినది 42 మంది విషయములో మాత్రమే గనుక ‘యాక్యురసీ’ నూటికి 95.8. అసలు ఎవరికిని జబ్బు లేదని కన్నుమూసికొని చెప్పు యంత్రమునకు ఈ లెక్కన యాక్యురసీ నూటికి 99! ఒక్క రోగినైనను పట్టని యంత్రమునకు ఇంత పెద్ద అంకె వచ్చుచున్నది. కావున పత్రికలలో ఇట్టి అంకెలు కనబడినపుడు, ఆ మాటను ఏ అర్థములో వాడిరో అడుగుట చదువరి విధి.

తెలుగులో ఈ మాటలకు ఏమి వాడవలెను? యాక్యురసీకి ‘యథార్థత’ చక్కగా అమరును. నిజముతోడి సంబంధము ఆ మాటలోనే ఉన్నది. ప్రెసిషన్ విషయముననే చిక్కు. ‘ఖచ్చితత్వము’ అన్నచో తెలుగు చెవికి తిరుగులేని నిజమని వినబడును. ఖచ్చితముగా చెప్పినాడనగా సందేహము లేకుండ చెప్పినాడనియే గదా జనులు గ్రహింతురు. వేరుచేయవలసిన రెండు భావములను ఆ మాట మరల కలిపివేయును. ‘సూక్ష్మత’ అన్నచో పరికరముపై గీతల సన్నదనము తోచును. ఈ రెండింటికంటె ‘నిలకడ’ అను వాడుకమాట మేలు. మరల మరల అడిగినను ఒకే మాట చెప్పువానిని నిలకడగలవాడందురు. అతడు చెప్పునది నిజమా కాదా అన్నది వేరు ప్రశ్న. పరీక్షకు ఏ పారిభాషికపదము నిర్ణయమైనను, తరగతిలో వివరించునపుడు ఈ మాట పనికివచ్చును.

నిజము నిలకడమీద తెలియునని సామెత కలదు. ఓర్పుతో వేచియున్నచో కాలమే నిజమును బయటపెట్టునని దాని భావము. ప్రయోగశాలలో మాత్రము ఊరక వేచియుండుట చాలదు. కొలతలు కలిసినవని సంతోషించిన విద్యార్థిచేత, పరికరమునో, పద్ధతినో మార్చి ఇంకొకసారి ప్రయోగము చేయించవలెను. అప్పుడు రెండు దారులును ఒకచోటికి చేరినచో మంచిదే. చేరకపోయినచో ఆ భేదమును చెరిపివేయక, రికార్డు పుస్తకములో ఉన్నదున్నట్లు వ్రాయించి, దానికి మార్కులు వేయవలెను.